మేస్త్రీ ఇంటి పిట్టగోడ

తాపీమేస్త్రీ తాతకి బైబిల్లో దేవుడిచ్చిన ఆజ్ఞల్లో ఒకదాని మీద మహా పట్టు. ఇల్లు కడితే డాబాకి పిట్టగోడ కట్టాలి, పైనుంచి ఎవరైనా పడితే ఆ రక్తం ఇంటివాడి మీదే. ఈ మాట అప్పజెప్పనిదే మనవలకి ముద్ద పెట్టేవాడు కాదు. పిట్టగోడ వద్దన్న ఇంట్లో పనిముట్లు సర్దుకుని వచ్చేసేవాడు. సొంత డాబాకి మాత్రం ఇరవయ్యేళ్ళుగా 'వచ్చే నెల' అంటూనే ఉన్నాడు.

ఒక మధ్యాహ్నం ఆరేసిన బట్టలు తేవడానికి పైకెక్కితే, అందరూ పిడుగు అని పిలిచే ఆరేళ్ళ మనవరాలు డాబా అంచున కాళ్ళు వేలాడేసి కూర్చుని ఉంది. తాత మెట్ల దగ్గరే ఆగిపోయాడు. కేకేస్తే ఉలిక్కిపడి పడిపోతుంది.

"పిడుగమ్మా, కదలకుండా ఆజ్ఞ అప్పజెప్పు, చూద్దాం," అన్నాడు, మామూలు గొంతుతో.

"అన్నం పెట్టకుండానే?"

"రెండు ముద్దలు ఎక్కువ పెడతాలే."

పిడుగు రాగం తీసింది. "ఇల్లు కడితే..." తాత ఒక అడుగు వేశాడు. "పిట్టగోడ కట్టాలి..." ఇంకో అడుగు. "పైనుంచి ఎవరైనా పడితే..." అని ఆగి, పిల్ల కిందికి వంగి చూసింది.

"తాతా, మరి మన గోడేదీ? ఆజ్ఞ ఊళ్ళోవాళ్ళకేనా?"

అప్పటికి తాత చెయ్యి దాని నడుం చుట్టూ పడింది. వెనక్కి లాగి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు.

సాయంత్రానికి ఇటుకలొచ్చాయి. మొదటి వరుస పూర్తయ్యేదాకా తాత ముద్ద ముట్టలేదు. పిడుగు మాత్రం ఒప్పుకున్న రెండు ముద్దలూ అడిగి మరీ తింది.