ఎస్తేర్ దిద్దిన మార్కులు

రేపు మా వీధిలో నీళ్ళ పైపు బాగుచేస్తామని, మధ్యాహ్నం దాకా కుళాయిల్లో నీళ్ళు రావని తలుపుకి చీటీ తగిలించి వెళ్ళారు. అమెరికాలో ఈ ఆష్‌బర్న్ ఊరికి వచ్చిన ఇన్నేళ్ళలో బకెట్టు నింపి పెట్టుకోవలసి రావడం ఇదే మొదటిసారి. గ్యారేజీలో కారు కడిగే బకెట్టు ఒకటి కనిపిస్తే తెచ్చి, టబ్బులో పెట్టి కుళాయి విప్పాను. ఖాళీ ప్లాస్టిక్ అడుగున నీళ్ళు పడే చప్పుడు వినగానే ఎస్తేర్ గుర్తొచ్చింది. "మీ ఇంట్లో రోజూ ఎన్ని బకెట్లు నింపి పెట్టుకుంటారు?" అని ఆవిడ ఎక్కడెక్కడి వాళ్ళనో ఫోన్‌లో అడుగుతూ ఉండేది.

ఎస్తేర్ ఈ దేశంలో నా మొదటి మేనేజర్. పుట్టి పెరిగింది జాంబియాలో, కాలేజీ చదువు బోట్స్వానాలో. ఉద్యోగుల్ని వేరే దేశాలకి పంపే సంస్థలకి, ఏ ఊళ్ళో బతుకు ఎలా ఉంటుందో మార్కులు వేసి చెప్పడం మా కంపెనీ పని. నీళ్ళు, కరెంటు, ఆస్పత్రి, బడి, వీధిలో భయం లేకుండా నడవగలమా లేదా, అన్నిటికీ మార్కులే. ఆ ఊళ్ళలో ఉంటున్న వాళ్ళు నింపి పంపే ఫారాలే మాకు ఆధారం. వాటిని నమ్మకపోవడానికే ఎస్తేర్‌కి జీతమిస్తున్నారా అనిపించేది నాకు. చేరిన వారంలోనే ఒక ఊరి పట్టిక చక్కగా తయారుచేసి చూపిస్తే, ఈ ఫారం ఇంట్లో ఎవరు నింపారని అడిగింది. ఇంటాయన అన్నాను. "నీళ్ళు రాకపోతే ఆ ఇంట్లో ముందు తెలిసేది ఎవరికి?" అంది. జవాబు నాకు తెలియక కాదు. అనంతపురంలో ట్యాంకర్ వచ్చే వేళకి మా నాన్న ఎప్పుడూ ఆఫీసులోనే ఉండేవాడు, బిందెలతో పరిగెత్తింది అమ్మా నేనూ. అయినా ఆ ఫారం మీద నాకు ఆ ప్రశ్న తట్టలేదు. ఎస్తేర్ ఆ ఇంటికి ఫోన్ చేసి, వంటావిడని పిలిపించి, ఆమె భాషలోనే మాట్లాడి, తర్వాత మార్కులు దిద్దింది.

నేను చేరిన రెండో ఏడు ఒక పెద్ద క్లయింట్ ఆఫ్రికాలో ఆఫీసు పెట్టాలనుకుంది. జాంబియాలో లుసాకానా, బోట్స్వానాలో గాబొరోనా అన్నది తేల్చి చెప్పమన్నారు. ఎస్తేర్ తమ్ముడు లుసాకాలో చాన్నాళ్ళుగా ఉద్యోగం లేకుండా ఉన్నాడు. ఆఫీసు అక్కడికి వస్తే వాడు అప్లై చేస్తాడని లంచ్ దగ్గర తనే అంది. అంతే, నా మనసులో పురుగు తొలవడం మొదలైంది. ఆవిడ ఫోన్‌లో నవ్వినా అనుమానమే, గొంతు తగ్గించినా అనుమానమే. ఒకరోజు నాకు ముక్క కూడా అర్థం కాని భాషలో గంటసేపు మాట్లాడి, గాబొరోన్ నీళ్ళ మార్కులు తగ్గించింది. వారం తిరక్కుండా ఇంకొంచెం తగ్గించింది. ఆవిడ దిద్దకముందున్న అంకెలన్నీ నేను కాపీ చేసి దాచుకున్నాను.

మా ఆయన రఘుకి చెబితే అసలు ఒప్పుకోలేదు. "హెచ్-వన్ వీసా మీద ఉండి మేనేజర్ మీద కంప్లైంట్ చేస్తావా? రెన్యువల్ పెట్టుకుని నీకెందుకీ గొడవ?" అన్నాడు. అతను వద్దన్నకొద్దీ నాకు పట్టుదల పెరిగింది. నిజం దాచకుండా చెప్పాలంటే, తప్పు పట్టుకున్నానన్న సంతోషం కూడా ఉంది. మర్నాడు డైరెక్టర్‌కి మెయిల్ పంపాను.

ఎస్తేర్‌ని వెంటనే ఆ ప్రాజెక్ట్ నుంచి తప్పించారు. ఆవిడ మాట్లాడిన వాళ్ళందరి చేతా ఇంకొకరిని పెట్టి మళ్ళీ జవాబులు చెప్పించారు. దిద్దిన మార్కుల్లో ఒక్కటీ తప్పని తేలలేదు. తమ్ముడి సంగతి డైరెక్టర్‌కి మొదటిరోజే చెప్పేసిందట. పైగా గాబొరోన్ నీళ్ళకి తగ్గించిన రోజునే, లుసాకా కరెంటుకి అంతకంటే ఎక్కువ తగ్గించింది. ఆ షీట్ నా కంప్యూటర్‌లోనే ఉంది, నేను తెరిచి చూడలేదు. చివరికి ఆఫీసు గాబొరోన్‌కే వెళ్ళింది. తమ్ముడికి రావలసిన అవకాశాన్ని తన చేత్తోనే పోగొట్టిందన్నమాట.

క్షమాపణ చెప్పడానికి వెళితే కూర్చోమంది. "అనుమానించినందుకు కోపం లేదు. నేర్పింది నేనే," అంది. "లుసాకా షీట్ ఎందుకు చూడలేదు?" అని అడిగింది.

"చూడక్కర్లేదనుకున్నాను."

"ఫారం నింపిన ఆ ఇంటాయనా అంతే అనుకున్నాడు."

ఆ క్లయింట్ పని మాత్రం ఆవిడకి తిరిగి ఇవ్వలేదు. ఒకసారి ప్రశ్న వచ్చిన పేరు ఎందుకని క్లయింట్ వద్దందట. మూడు నెలలకి వేరే ఉద్యోగం చూసుకుని అల్ఫారెట్టా అనే ఊరికి వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు నేను సెలవు పెట్టాను.

నేనూ కంపెనీ మారాక, గ్రీన్‌కార్డ్ ఫైలింగ్‌కి పాత మేనేజర్ సంతకంతో ఎక్స్‌పీరియన్స్ లెటర్ కావాలంది లాయరు. అప్పుడు నా పని చూసింది ఎస్తేర్ ఒక్కతే. ఆ లెటర్ లేకపోతే ఫైల్ కదలదు. అడగడానికి పది రోజులు తటపటాయించాను. ఇవ్వదనుకున్నాను, ఇచ్చినా ఎక్కడో ఒక మాట ఇరికించి కక్ష తీర్చుకుంటుందనుకున్నాను. అడిగిన మూడో రోజే వచ్చింది. నా పనులన్నీ ఉన్నవి ఉన్నట్టు రాసి, చివర ఒక వాక్యం చేర్చింది: "తన మేనేజర్ పని మీదే సందేహం వచ్చినప్పుడు కూడా ఈమె వెనకాడకుండా చెప్పింది."

ఆ వాక్యం రఘుకి చూపించి ఇందులో మెలిక ఉందా అని అడిగాను. లాయరునీ అడిగాను. ఇద్దరూ లేదన్నారు. నమ్మకం కుదరక మళ్ళీ మళ్ళీ చదివాను. ఈనాటికీ ఎవరి అంకెనీ ఊరికే నమ్మను, అది ఎస్తేర్ పెట్టిన భిక్ష. ఆవిడ ఉత్తరాన్ని నమ్మి థాంక్స్ చెప్పడానికి మాత్రం నాకు వారం పట్టింది. మనిషినే నమ్మని ఆ బుద్ధి ఆవిడ నేర్పింది కాదు, నాదే.