బండి తాళానికి బొమ్మల పరీక్ష

మా అబ్బాయికి నలభై దాటాయి. పెళ్ళాం ఉంది, ఉద్యోగం ఉంది, ఎల్బీనగర్‌లో మూడు గదుల ఫ్లాటు ఉంది. ఇన్ని ఉండి వాడు పోగుచేసేది ఏమిటయ్యా అంటే, పాతకాలపు వీడియో గేమ్ డబ్బాలు. హాల్లో అద్దాల బీరువాలో ఒకప్పుడు నా పింగాణీ కప్పులుండేవి. వాటిని అట్టపెట్టెలో కుక్కి అటక మీదికి తోసేసి, ఆ చోట ఈ డబ్బాలు పేర్చాడు. ఒక్కోటీ పాచిపళ్ళ రంగు. వాటి దుమ్ము దులపడానికి మెత్తని బ్రష్షొకటి. ఆదివారం పొద్దున్నే ఆ బ్రష్షు పట్టుకుని బీరువా ముందు కూర్చుంటాడు. ఇల్లు దులపమంటే మాత్రం నడుం నొప్పి.

వాటన్నిటిలోకీ వాడు నెత్తిన పెట్టుకునేది ఒక జపాన్ క్యాసెట్టు. పాటల క్యాసెట్టు కాదు, గేమ్ డబ్బా పైన గుచ్చేది. "దీని గురించి ఎవరికీ తెలీదు. ఎవరు తయారుచేశారో కూడా ఎక్కడా రాసిలేదు" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతాడు. ఎవరికీ తెలియకపోవడం కూడా ఒక గొప్పేనా? ఆ మాటకొస్తే మా అపార్టుమెంటు లిఫ్టు ఎందుకాగిపోతుందో కూడా ఎవరికీ తెలీదు. దాన్ని కూడా తెచ్చి బీరువాలో పెట్టుకోమన్నాను.

పోనీ లోపలున్న ఆటైనా ఘనమైనదా అంటే, చాల్లే సంబడం. టీవీ నిండా బోర్లించిన ముక్కలు. రెండేసి తిప్పాలి. ఒకే బొమ్మ రెండిట్లో వస్తే జోడీ, లేకపోతే మళ్ళీ బోర్లా పడతాయి. ఏది ఎక్కడుందో గుర్తుపెట్టుకుని అన్నీ జతచెయ్యాలి. అంతే. పేకముక్కలతో నేల మీద ఆడుకోవచ్చు. ఆ బొమ్మలైనా మన మొహాలా? ఒక ముల్లంగి, ఒక నక్క మూతి, ఒక గడ్డి చెప్పు, ఎనిమిది కాళ్ళ జంతువొకటి. తప్పు చేశామా, మూల నుంచి ఒక బొద్దు ఎలుగుబంటి పిల్ల వచ్చి పొట్ట పట్టుకుని పకపకా నవ్వుతుంది. ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. నా ఎదుట నిలబడి నవ్వే ధైర్యం ఇన్‌స్పెక్టర్లకే లేకపోయింది.

ఇలాంటి ఆట నాకు చుట్టుకోవడానికి కారణం నా బండి.

బండంటే స్కూటీ. యాభై నాలుగో ఏట నేర్చుకున్నాను. మా ఆయన జబ్బున పడ్డప్పుడు మలక్‌పేట ఆస్పత్రికీ మందుల షాపుకీ దాని మీదే తిరిగాను. ఆయన పోయాక అది మందుల బండి కాకుండా మళ్ళీ నా బండి అయింది. పొద్దున టిఫిను కాగానే దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళొచ్చేదాన్ని. పని ఉండాలని లేదు. ఒకరోజు జాకెట్టు లైనింగు బట్ట, ఒకరోజు చైతన్యపురిలో నాతో పనిచేసిన టీచరమ్మతో కాఫీ. దాని మీద కూర్చున్నంతసేపూ నేను ఎవరి అమ్మనీ కాదు, ఎవరి అత్తగారినీ కాదు. హెల్మెట్టు పెట్టుకుంటే మొహం కూడా నాదే.

ఒకరోజు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్లోకి ఒక గుమ్మం నుంచి వెళ్ళి, జనం తోసుకుంటుంటే ఇంకో గుమ్మం నుంచి బయటపడ్డాను. చూస్తే బండి లేదు. మెట్రో స్తంభాల కింద వందల బండ్లు, అన్నీ ఒకటే రంగు. అటూ ఇటూ తిరిగి, ఎవడో ఎత్తుకుపోయాడనుకుని కంగారులో మావాడికి ఫోన్ చేశాను. వాడు మెట్రో ఎక్కి పరిగెత్తుకొచ్చాడు. బండి కొట్టుకి ఆ పక్క గుమ్మం ముందు, నేను పెట్టినచోటే ఉంది. నేను నవ్వాను. వాడు నవ్వలేదు. బండి వాడే నడిపాడు, నన్ను వెనక కూర్చోబెట్టుకుని. ఇంటికొచ్చాక తాళం వాడి జేబులో ఉండిపోయింది.

వాడి భయం నాకు అర్థం కాకపోలేదు. వాళ్ళ నాన్న జబ్బు మతిమరుపే. మొదట కళ్ళజోడు, తర్వాత బాత్రూం దారి, తర్వాత మనుషులు. అలా మూడేళ్ళు. ఆయన పోయి రెండేళ్ళయింది. అందుకే నేనే అన్నాను, పద డాక్టరు దగ్గరికి అని. డాక్టరు ఏవేవో అడిగాడు, తలకి ఫొటో తీయించాడు, ఈ వయసుకి ఇవన్నీ మామూలేనమ్మా అని పంపేశాడు. అయిపోయిందా? అవదు. మావాడు డాక్టరుని నమ్మడు. వాడు నమ్మేది జపాను ముల్లంగిని.

"రోజూ ఒక్క ఆట ఆడమ్మా. తప్పులు బాగా తగ్గాక తాళం ఇచ్చేస్తా."

"నన్ను పరీక్ష రాయమంటున్నావుట్రా?"

"పరీక్షని ఎందుకనుకుంటావ్? సరదాగా ఆడు."

సరదా అట, నా మొహం! చైతన్యపురి కోచింగు సెంటర్లలో నలిగి బయటపడ్డవాడు కదా, మార్కు కళ్ళబడితే గానీ కన్నతల్లినైనా నమ్మడు. ఆ రోడ్డు పొడుగునా ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలు గోడలెక్కి ఉంటాయి. నా ఫొటో కూడా అచ్చేసి మెట్రో స్తంభానికి కడతాడేమో అనుకున్నాను.

రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే చేతులు కడుక్కుని, క్యాసెట్టుని ఉఫ్ ఉఫ్‌మని ఊది, డబ్బాలో గుచ్చి, మీటల డబ్బీ నా చేతికిచ్చేవాడు. నేను తిప్పేదాన్ని. ఎలుగుబంటి నవ్వేది. వాడు పక్కన కూర్చుని గడ్డం గోక్కుంటూ చూసేవాడు. ఆట కాగానే స్విచ్చు తీసేసేవాడు. ఇంకొకటి ఆడతానన్నా ఒప్పుకోడు. రోజుకి ఒక్కటే. అంత అపురూపం!

తాళం లేని రోజుల్లో షేర్ ఆటోలో వెళ్ళాల్సొచ్చింది. ముగ్గురి సీట్లో నలుగురం, ఒడిలో ఎవరిదో కూరగాయల సంచి. "జర ఇట్ల జరుగు పెద్దమ్మా, ఇంకొకామె ఎక్కుతది" అని డ్రైవరు. ఇంకా ఎక్కడికి జరగను నాయనా, రోడ్డు మీదికా? రెండుసార్లు వెళ్ళి మానేశాను. టీచరమ్మ ఫోన్ చేసి రావట్లేదేమని అడిగితే ఎండలన్నాను. వానలు పడుతున్నాయి అప్పుడు.

మా కోడలిది సూర్యాపేట దగ్గర పల్లె. చర్చికి వెళ్ళే కుటుంబం. బ్లడ్ టెస్టుల ల్యాబులో పనిచేస్తుంది. నన్ను అత్తమ్మా, నువ్వు అంటుంది. కొత్తలో ఆ నువ్వుకి ఒళ్ళు మండేది. ఇప్పుడు పొరపాటున మీరు అందంటే ఏదో కోపమొచ్చిందని అర్థం. నేను ఎలుగుబంటిని తిట్టడం విని వంటింట్లోంచి వచ్చింది.

"గా బొమ్మతోని లొల్లి ఏంది అత్తమ్మా? ఆడి పడెయ్యి. తాళం నీ చేతికొస్తది."

"నువ్వు చెప్పకూడదటే మీ ఆయనకి?"

"చెప్పలేదనుకున్నవా? ఎంత చెప్పినా ఇంటలేడు. నిద్రల గూడ నీ గురించే పరేషాన్ అయితుండు."

చెబితే వినే ఘటమైతే ఈ డబ్బాలెందుకు కొంటాడు?

ఒకరోజు ఆడుతూ స్టవ్ మీద పాల గురించి ఆలోచిస్తున్నాను. మనసు అక్కడుంటే వేలు మాత్రం వెళ్ళి కింది వరసలో చివరి ముక్క తిప్పింది. ముల్లంగి. దాని జోడీ పైన రెండోదని కూడా వేలికి తెలుసు. తిప్పాను. ముల్లంగే. అప్పుడు వెలిగింది నాకు. ఈ దిక్కుమాలిన డబ్బాకి ముక్కలు కలపడమే రాదు! స్విచ్చు వేసిన ప్రతిసారీ మొదటి ఆట అదే వరస. నిన్నా అదే, మొన్నా అదే. ఊరికే నమ్మను కదా, లెక్కల మనిషిని. మర్నాడు చూశాను, ఆ మర్నాడు చూశాను. నక్క మూతి నక్క మూతి దగ్గరే. గడ్డి చెప్పు గడ్డి చెప్పు దగ్గరే.

ఎంత నవ్వొచ్చిందో! బ్రష్షులు పెట్టి తుడిచి, ఊది, దండం పెట్టినంత పని చేసి, వీడు నా బుర్రని కొలుస్తున్న తరాజు ఇదా! రోజూ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చే పరీక్ష లోకంలో ఎక్కడైనా ఉందా? ఇంత చదువుకున్నవాడికి ఆ సంగతే తట్టలేదు. వెంటనే చెబితే మజా ఏముంది? ఆదివారం దాకా ఆగాను. ఈలోపు కావాలని రెండు మూడు తప్పులు చేసి ఎలుగుబంటిని నవ్వించాను కూడా. నవ్వవే నవ్వు, నీ పని చెబుతా అనుకున్నాను.

ఆదివారం టిఫిను కాగానే కోడల్ని కూడా పిలిచి కూర్చోబెట్టాను. మావాడు స్విచ్చు వేశాడు. నేను టకటకా తిప్పుకుంటూ పోయాను. ముల్లంగి, ముల్లంగి. నక్క, నక్క. ఒక్క తప్పు లేదు, మధ్యలో ఆగలేదు. చివర్లో టీవీ మీద టపాసులు పేలాయి, ఏదో బాకా మోగింది. కోడలు చప్పట్లు కొట్టి "ఇగ తాళం తియ్యి" అంది మొగుడితో.

మీటల డబ్బీ వాడి ఒళ్ళో పడేశాను. "నీ ప్రశ్నపత్రం లీకైందిరా అబ్బాయ్. ఈ డబ్బా రోజూ ఒకటే వరస వేస్తోంది. నువ్వూ నీ పరీక్షా! ఆ మాత్రం చూసుకోవద్దూ?"

వాడి మొహం మాడుతుందనుకున్నాను. వాడు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడనే అనుకున్నాను ముందు.

"ఒకటే వరసని నాకు తెలుసమ్మా," అన్నాడు. "అందుకే ఇది పెట్టాను. నువ్వు గెలుస్తావా లేదా అని కాదు నేను చూస్తోంది. నిన్నటిది ఇవాళ్టికి నీలో మిగులుతుందా లేదా అని."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "కన్నతల్లితో నాటకాలుట్రా? ఈ తెలివితేటలు ఎవరు నేర్పారు నీకు?"

"నాన్న," అన్నాడు.

నాకేమీ అర్థం కాలేదు. మెల్లగా చెప్పాడు. ఆయన మంచాన పడకముందు, సాయంత్రాలు వాడు ఆయన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేవాడు. నేను వంటింట్లో ఉండి, తండ్రీకొడుకులు కబుర్లు చెప్పుకుంటున్నారు కాబోలు అనుకునేదాన్ని. ఆ గదిలో చిన్న టీవీకి తగిలించి ఈ ఆటే ఆడించేవాడట. రోజూ ఇదే వరస. ఆయనకి మాత్రం రోజూ కొత్తదే. ముల్లంగి కనబడితే ప్రతిరోజూ ఆశ్చర్యపోయేవారట. ఇవాళైనా గుర్తుపడతారేమో అని వాడు రోజూ కాచుకుని కూర్చునేవాడట.

"బండి కనబడట్లేదని నువ్వు ఫోన్ చేసినప్పుడు నాకు నాన్నే గుర్తొచ్చారమ్మా. మళ్ళీ మొదలైందనుకున్నాను." అని జేబులోంచి తాళం తీసి నా చేతిలో పెట్టాడు. "నువ్వు కనిపెట్టావు. చాలు. ఇంకేం అక్కర్లేదు నాకు."

కోడలు కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళింది. అడక్కూడదని తెలుసు. అయినా అడిగాను. "ఆయన ఒక్కసారి కూడా గుర్తుపట్టలేదా?"

"లేదు. చివరిసారి ఆడినప్పుడు మూడు జోడీలైనా కలవలేదు. విసుగొచ్చి డబ్బీ పక్కన పెట్టేశారు. ‘ఇది నావల్ల కాదు బాబూ, మా ఆవిడకిచ్చి చూడు, దానికన్నీ గుర్తుంటాయి’ అన్నారు."

అప్పటికి ఏడాదిగా ఆయనకి నేనెవరో తెలీదు. స్నానం చేయించినా, అన్నం కలిపి పెట్టినా, నర్సమ్మా అనే పిలిచేవారు.

"మా ఆవిడ అన్నారా?"

"అన్నారమ్మా."

"సరిగ్గా గుర్తుతెచ్చుకుని చెప్పరా. మా ఆవిడనే అన్నారా?"