గాలిలో తేలి దిగే జంతువూ, మా మేనత్తా

మా మేనత్త పోయిన కబురు నాకు కాలేజీ స్టాఫ్‌రూంలో అందింది. మొదటి పీరియడ్‌కి లేవబోతుంటే ఫోన్ మోగింది. మద్దిలపాలెంలో అత్త ఉండే ఇంటి పైవాటా ఆవిడ. "అమ్మా, మీ అత్త తలుపు తియ్యట్లేదని మావోడు కిటికీలోంచి సూసాడు. పడుకున్నట్టే ఉందమ్మా. నువ్వు బేగి రా," అంది. గొంతును బట్టే అర్థమైంది. నేను వెళ్ళేసరికి వీధిలో ఆడవాళ్ళందరూ గుమ్మంలో ఉన్నారు. అత్త గోడవైపు తిరిగి, చెయ్యి తలకింద పెట్టుకుని ఉంది. మెడలో కొలత టేపు అలాగే ఉంది.

తన గురించి ఎవరైనా రాస్తారంటే ఆవిడ నమ్మేది కాదు. "నా గురించి ఏటుందే రాయడానికి? జాకెట్లు కుట్టాను, అంతే," అనేది. అయినా రాస్తున్నాను.

మాది ఎలమంచిలి దగ్గర ఒక పల్లె. మా నాన్నకు ఆవిడ ఒక్కతే చెల్లెలు. పెళ్ళయ్యాక విశాఖ వచ్చింది. మామయ్య ఫిషింగ్ హార్బర్‌లో ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆయన చిన్న వయసులోనే పోయాడు. పిల్లలు లేరు. నాన్న వెళ్ళి ఊరికి తీసుకొచ్చేస్తానంటే, "నా మిషనిక్కడుంది, నన్నెరిగినోళ్ళు ఇక్కడున్నారు. అక్కడికొచ్చి నానేటి సెయ్యాలన్నయ్యా?" అని ఉండిపోయింది. తర్వాత నా డిగ్రీ, ఎమ్మెస్సీ జువాలజీ రెండూ ఆవిడ ఇంట్లో ఉండే చదివాను. మిషన్ చప్పుడులో చదవడం అలవాటై, పరీక్ష హాల్లో నిశ్శబ్దం నాకు కష్టంగా ఉండేది.

అత్త పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే మాట్లాడేది. కొత్తవాళ్ళకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, నాకు అన్నీ అర్థమయ్యేవి. బస్సులో ముందు సీట్లో కూర్చున్నామె వీపు చూసి, "భుజంకాడ లాగేసాడు సూడు, పాపం సెయ్యెలగెత్తుద్ది?" అని నా చెవిలో గొణిగేది. తను కుట్టినది తేడాగా వస్తే, ఎవరూ అడక్కపోయినా మొత్తం విప్పేసేది. "ఇప్పి మళ్ళీ కుడతాను. ఏటైంది?" అనేది తేలిగ్గా.

నేను లెక్చరర్‌గా చేరాక, కడుపుతో ఉన్న రోజుల్లో, మా కాలేజీలో అంతరించిపోయిన జంతువుల మీద ఎగ్జిబిషన్ పెట్టారు. డైనోసార్, మామత్, డోడో అన్నీ మిగతా లెక్చరర్లు తలా ఒకటి పట్టుకుపోయారు. నేను పెద్దగా ఎవరికీ తెలియని ఒక జంతువును ఎంచుకున్నాను. డైనోసార్ల కాలంలోనే, పదహారు కోట్ల ఏళ్ళ కిందట, తొలి క్షీరదాలకు దగ్గర చుట్టాలైన చిన్న జంతువులు కొన్ని చెట్ల మీద బతికేవి. ఉడతలాగా ఉండేవి. చెట్టు మీంచి దూకి, ఒంటి పక్కల ఉన్న చర్మపు పొరను చాచి, గాల్లో తేలుతూ ఇంకో చెట్టు మీదికి దిగేవి. చైనాలో రాళ్ళలో వాటి అస్థిపంజరాలతో పాటు ఆ పొర గుర్తు కూడా మరకలాగా నిలిచి ఉంది. అప్పటికి గబ్బిలాలింకా పుట్టనే లేదు.

బొమ్మ కుట్టిపెట్టమని అత్తను అడిగాను. ఫోన్‌లో ఆ రాతి ఫొటో చూపిస్తే, కళ్ళజోడు పైకి నెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇది ఎగురుద్దా?"

"ఎగరదత్తా. పైనుంచి తేలుకుంటూ దిగుద్ది. రెక్కలాడించదు."

"పొర ఎక్కడ్నించి మొదలు?"

"మెడ దగ్గర్నించి చేతులకి, చేతుల్నించి కాళ్ళకి, అక్కడ్నించి తోకకి."

"మరి సెట్టెక్కినప్పుడు ఆ గుడ్డంతా ఏటి సేసుద్ది? కాళ్ళకడ్డం పడదా?"

మడుచుకుంటుందేమోనని చెప్పాను. "అయితే సంకకాడ గుడ్డ ఎక్కువొదలాల," అని పాత గొడుగొకటి విప్పి కత్తెర తీసింది.

బొచ్చు కోసం గోధుమరంగు శాలువా ముక్క, కళ్ళకు నల్ల గుండీలు. బొమ్మ తయారయ్యాక మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళి కిందికి వదిలాం. తిన్నగా రాయిలా పడింది. సందులో వెళ్తున్న చేపలావిడ ఆగి, "ఓలమ్మా, ఏటిది? ఎలకేటి?" అంది. "ఎలక్కాదే, మా కోడలి పాఠం," అంది అత్త పైనుంచి. లోపలి దూది తీసేసి థర్మకోల్ నింపింది. పొర వెడల్పు చేసింది. మళ్ళీ పడింది. మళ్ళీ విప్పింది. నా ఎగ్జిబిషన్‌కి అది తేలనక్కర్లేదు, బల్ల మీద ఉంటే చాలు. ఆ మాటంటే, "తేలే జంతువని పేరెట్టి కిందపడితే ఏం బాగుంటాదే?" అని కసిరింది. కొన్నాళ్ళకు ఒక సాయంత్రం గాలి తగినట్టుగా ఉన్నప్పుడు, అది ఒక్క ఊపున ఎదురింటి ప్రహరీ దాకా వెళ్ళి మెత్తగా వాలింది. అత్త చప్పట్లు కొట్టలేదు. పిట్టగోడ పట్టుకుని అటే చూస్తూ నిలబడింది.

ఎగ్జిబిషన్‌కి మంచి చీర కట్టుకుని వచ్చింది. నా బల్ల పక్కనే కుర్చీ వేయించాను. ఒక విద్యార్థిని అడిగింది, వీటి సంతతి ఇప్పుడు ఏ జంతువులని. ఏవీ లేవని, ఆ శాఖ అక్కడితో ఆగిపోయిందని చెప్పాను. అత్త అది విన్నది. బస్సులో ఇంటికొస్తూ అడిగింది.

"మరి మనకవి ఏటవుతాయి?"

"మనం వాటికి పుట్టలేదత్తా. మన పూర్వీకులకి చుట్టాలు, అంతే."

"మేనత్తలన్నమాట," అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. టికెట్టు మడతపెడుతూ, "పిల్లల్లేకపోయినా పేరెట్టి సదువుకుంటన్నారు కదా. బాగుంది," అంది. అంతకు ముందెప్పుడూ పిల్లల్లేని సంగతి ఆవిడ నోట నేను వినలేదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

ఆ తర్వాత కొద్ది రోజులకే నా సీమంతం. మా అత్తగారి వాళ్ళు పోర్టు ఉద్యోగానికి గోదావరి జిల్లా నుంచి వచ్చిన కుటుంబం. మేనత్త రానంది. "వంటకాడ సాయం సేత్తాను, నలుగుర్లో కూకోను," అని షరతు పెట్టి వచ్చింది. గాజులు తొడిగే వేళకు, మా అత్తగారి అక్క నెమ్మదిగా, "ఆవిడ కాస్త లోపలుంటే మంచిదేమో," అంది. నాకు వినబడింది. మేనత్తకూ వినబడింది. ఎవరికీ ఇబ్బంది లేకుండా ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి నడిచింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మా అత్తగారు గాజుల పళ్ళెం పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్ళింది. "వదినగారండీ, మొదటి జత మీరు తొడగాలి. చిన్నప్పట్నించీ దీని కొలతలు మీ దగ్గరే కదండీ ఉన్నాయి," అంది, అందరికీ వినబడేలా.

"ఒద్దొదినగారూ. నానేటి, నా సెయ్యేటి..."

"చెయ్యి కడుక్కుని రండి. పిల్ల ఎంతసేపు కూర్చుంటుంది?"

వచ్చింది. సూదిపోట్లతో గట్టిపడ్డ వేళ్ళతో నా చెయ్యి పట్టుకుని, ఒక్క గాజూ చిట్లకుండా తొడిగింది. చివరి గాజు ఎక్కాక నా మణికట్టును అలాగే పట్టుకుని ఉండిపోయింది. ఎవరూ తొందరపెట్టలేదు. మా అత్తగారి అక్క కూడా లేచి కుంకుమ భరిణె అందించింది.

మా పాపకు మొదటి చొక్కా మేనత్తే కుట్టింది. పాపకు ఆవిడ నాయనమ్మ వరసే అయినా, "మేనత్తా" అని పిలవడం మా ఇంట్లో అలవాటైపోయింది. అలా పిలిచినప్పుడల్లా సూదులు నోట్లోంచి తీసి మరీ పలికేది.

పెద్ద కార్యం అయ్యాక ఆవిడ ఇల్లు సర్దడానికి వెళ్ళాను. కుట్టుకిచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి బట్టలు తీసుకెళ్ళారు. ఆఖర్న బస్ డిపో నుంచి ఒక కండక్టరమ్మ వచ్చింది. ఆవిడ ఖాకీ చొక్కా మిషన్ పక్కనే ఉంది. ఒక చెయ్యి కుట్టి ఉంది, రెండోది గుండుసూదులతో ఆనించి ఉంది. గుడ్డ మీద సుద్దగీతలింకా చెరగలేదు. వేరే టైలర్ చేత పూర్తి చేయించి పంపిస్తానన్నాను.

"సూద్దామమ్మా. ఇప్పుడే ఒద్దు," అంది. సూదులు తియ్యనివ్వలేదు. చొక్కాను మడతపెట్టకుండా జాగ్రత్తగా ముంజేతి మీద వేసుకుని సందు దాటి రోడ్డెక్కింది. బస్సు వచ్చి ఆగింది. మెట్టు మీద కాలు పెడుతూ, గాలికి కదులుతున్న చొక్కా రెండో చేతిని తన అరచేత్తో ఒడిసిపట్టుకుని లోపలికి ఎక్కింది.