సముద్రం ఒడ్డున సాంచెలు

ఇప్పటికీ సిరిసిల్లలో బస్సు దిగి సాంచెల చప్పుడు, అదే మరమగ్గాల చప్పుడు, వినగానే నాకు సముద్రం గుర్తొస్తుంది.

గిరాకీ లేక సాంచెలు ఆగిపోయిన వానాకాలం అది. ఆ మోత లేనిదే బాపుకు నిద్ర పట్టదు. రోజులకొద్దీ కన్ను మూతపడక, చివరికి అమ్మనూ నన్నూ రైలెక్కించి చీరాల దగ్గరి జాలరుల పల్లెకు తీసుకెళ్ళాడు.

ఇసుక దిబ్బ అవతల అదే మోత!

"బాపూ, గీడ సాంచెలు నడుస్తున్నయ్! నీకు పని దొరుకుతది!"

బాపు నవ్వాడు. "అవునా బిడ్డా? సేటు ఎవరో అడిగి రాపో."

దిబ్బెక్కి సేటు కోసం వెతికాను. అన్నీ నీళ్ళే. తిరిగొచ్చేసరికి బాపు ఇసుకలోనే గురక పెడుతున్నాడు.

"లేపకే. ఎన్నాళ్ళకో పండిండు," అంది అమ్మ.

రాత్రిపాళీ చేసినవాళ్ళే పగలలా పడుకుంటారని నా లెక్క. ఊరికి తిరిగొచ్చాక, బాపుకు పని దొరికిందని మా వాడంతా చాటాను. ఆ రోజు పని చేసింది సముద్రమని అర్థం కావడానికి నాకు చాలా చదువే పట్టింది.