శారదమ్మ పేరున్న వరుసలు

భవానికి భయం పుట్టుకతోనే వచ్చిందని వాళ్లమ్మే చెబుతుంది. బోయిగూడలో పుట్టి, అక్కడే పెరిగి, ఇరవై ఏళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చుని కోడ్ రాస్తున్న మనిషి. రాసింది పనిచేయకపోతే భయం. పనిచేస్తే ఇంకా భయం, ఎందుకు పనిచేసిందో తెలియదని. ఆఫీసులో నాది తన పక్క సీటు. తిట్టేదాన్నీ నేనే, టీ తెచ్చి కూర్చోబెట్టేదాన్నీ నేనే.

ఈ ఏడాది ఆ భయానికి కొమ్ములు మొలిచాయి. ఇప్పుడు కోడ్ యంత్రమే రాసేస్తోంది కదా అని మనుషుల్ని తీసేస్తున్నారు. పొద్దున నవ్వుతూ లోపలికొచ్చినవాడి కార్డుకి మధ్యాహ్నం తలుపు తెరుచుకోదు.

"నలభై దాటినోళ్లనే ఫస్ట్ తీస్తరంట లలితా" అని రోజూ ఒకటే పాట.

"తీస్తే తీస్తారు, ముందు అన్నం తిను" అని కసిరేదాన్ని. నాకు మాత్రం భయం లేదా? ఉంది. బయటపడను, అంతే.

తను హాయిగా రాసే కోడ్ ఒక్కటే. శనివారాలు రాంగోపాల్‌పేట్‌లో ఒక మేడగదిలో మాలాంటివాళ్లం కొందరం చేరి, నలుగురికీ పనికొచ్చేవి ఉచితంగా రాస్తుంటాం. అక్కడ భవాని ఒక డయాలసిస్ కేంద్రానికి ప్రోగ్రాం రాసిచ్చింది. రేపు ఎవరి వంతో వాళ్లకు ఫోన్ వెళుతుంది. వాళ్లను తీసుకురమ్మని వ్యాను డ్రైవరుకు పేర్లు వెళతాయి. ఫోన్లో వినిపించేది భవాని గొంతే. "నమస్తే అమ్మా, రేపు మీ వంతు. బండి వస్తది, రెడీగుండుండ్రి" అని రికార్డు చేసి పెట్టింది.

మా పనిలో ఒక పాడలవాటుంది. ప్రోగ్రాంని పరీక్షించడానికి ఉత్తుత్తి రోగులు కావాలి కదా, వాళ్లకి ఇంట్లోవాళ్ల పేర్లు తగిలిస్తాం. భవాని ఎప్పుడూ వాళ్లమ్మ పేరే పెడుతుంది, శారదమ్మ అని. ఒక శుక్రవారం ఆఫీసులో మరికొందరిని ఇంటికి పంపేశారు. ఆ సాయంత్రం బుర్ర చెడి, చేతులు ఊరుకోక, ఉత్తుత్తి రోగులను ఏరేద్దామని కూర్చుంది. రోగుల జాబితాలో శారదమ్మ అన్న పేరున్న వరుసలన్నీ తీసెయ్యమని ఆ కోడ్ రాసే యంత్రానికే చెప్పింది. అది తీసేసింది. భవాని మళ్లీ చూసుకోలేదు.

బుధవారం మధ్యాహ్నం వ్యాను డ్రైవరు తుకారాం భవానికి ఫోన్ చేశాడు.

"మేడం, బొల్లారం శారదమ్మ ఊరికి గిట్ల పోయిందా? సోమవారం పేరు రాలే, ఇయ్యాల సుత రాలే."

భవాని మొహంలో నెత్తురు చుక్క లేదు. నిజం రోగుల్లోనూ శారదమ్మ ఒకరున్నారు. ఒంటరి మనిషి. శుక్రవారం తర్వాత ఆవిడకు రక్తం శుభ్రం చేయలేదు. రెండు వంతులు తప్పితే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. ఆవిడ ఫోన్ నంబరూ ఆ వరుసతోనే పోయింది. కేంద్రంవాళ్లు చూసేదీ మా ప్రోగ్రాం పంపే పేర్లే కాబట్టి అక్కడా ఎవరూ అడగలేదు.

"చంపేసిన లలితా" అంది.

"నోర్ముయ్. పద" అన్నాను.

తుకారాంకు ఇల్లు తెలుసు. అతని బండిలోనే బయల్దేరాం. లోతుకుంట దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే భవాని నా చెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగేలా.

"ఆఫీసులోళ్లు ఒక్క నొక్కుతో మనుషులను తీసేస్తున్నరని ఏడ్చిన. నేను సుత గదే చేసిన."

దేవుడా, ఆవిడ ఊపిరితో ఉంటే చాలనుకున్నాను.

బొల్లారంలో ఆవిడ ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. పిలిస్తే పలుకు లేదు. తోసుకుని వెళ్లాం. శారదమ్మగారు కుర్చీలో గోడకానుకుని ఉన్నారు. మొహం, పాదాలు ఉబ్బిపోయాయి. ఊపిరి ఎగబోస్తోంది. ఒళ్లో ఆసుపత్రి సంచి సర్దుకుని పెట్టుకున్నారు.

"అమ్మా, రేపు మీ వంతు అని చెప్పేది నేనే" అంటూ భవాని ఆవిడ కాళ్ల దగ్గర కూలబడింది. "తప్పు నాదేనమ్మా."

ఆ గొంతుకి ఆవిడ కళ్లు తెరిచారు. ఉబ్బిన చేత్తో భవాని చెంప తడిమారు.

"నువ్వేనా బిడ్డా? ఫోన్ రాకపాయె. నీకేమన్న అయిందేమోనని పరేషాన్ అయిన. తిరిగి చేస్తే ఎవ్వరు ఎత్తుతలేరు."

తుకారాం ఆవిడను రెండు చేతులతో ఎత్తి బండిలో పడుకోబెట్టాడు. రేపటిదాకా ప్రాణం ఆగేది కాదన్నాడు కేంద్రంలో డాక్టరు. ఆవిడ బతికారు.

తిరిగి చేస్తే ఎత్తడానికి ఆ నంబరు వెనక మనిషి లేదు. ఇప్పుడు ఉంది. ఆ నంబరుకి ఎవరు చేసినా భవాని చేతిలో మోగుతుంది. ఉద్యోగం పోతుందన్న భయం తనకేం తగ్గలేదు. అయినా ఆ ఫోన్ మోగితే మేనేజరు మాట్లాడుతుండగానే లేచి బయటికి పోతుంది. కళ్లురిమి చూశాను, లాభం లేదు.

మొన్న వెనకాలే వెళ్లాను. ఫోన్ ఎత్తి స్పీకర్లో పెట్టింది. అవతల శారదమ్మగారు.

"ఏం లేదు బిడ్డా. ఉన్నవా లేవా అని చేసిన."

"ఉన్ననమ్మా" అంది భవాని.