మూడో బ్లాకు చప్పుడు

నా ఉద్యోగంలో ఆఖరి వానాకాలం గడ్డపోతారంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో గడిచింది. నా హోదా సంక్షేమాధికారి. కార్మికుల సంఖ్య ఒక స్థాయి దాటిన ప్రతి ఫ్యాక్టరీలోనూ చట్టప్రకారం ఉండి తీరాల్సిన పోస్టు ఇది. జీతం ఇచ్చేది యాజమాన్యం, చేయాల్సింది కార్మికుల మంచిచెడులు చూడటం. అందుకే రెండు వైపులవాళ్లూ మమ్మల్ని పూర్తిగా నమ్మరు. నా మటుకు నేను కూడా ఎవర్నీ పూర్తిగా నమ్మేదాన్ని కాదు. మా నాన్నగారు కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికొచ్చినవారు. కొత్త ఊళ్లో కూరగాయలవాడి తక్కెడని సైతం రెండుసార్లు చూసేవారు. ఆ గుణం నాకు వచ్చింది.

ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో గుర్తింపు సంఘం ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఎన్ని యూనియన్లున్నా యాజమాన్యంతో వేతన ఒప్పందం మీద కూర్చుని మాట్లాడే హక్కు ఒక్కదానికే ఉంటుంది. అది ఏదో తేల్చడానికి లేబర్ ఆఫీసరు వచ్చి రహస్య ఓటింగ్ పెడతారు. ఇద్దరు నాయకులు పోటీ పడుతున్నారు. వాళ్లలో ఒకడు కిష్టయ్య. హత్నూర మనిషి, మూడో బ్లాకులో సీనియర్ ఆపరేటరు. మాటకారి. చేతిసంచిలో టిఫిను డబ్బాతోపాటు ఎప్పుడూ ఒక డిటెక్టివ్ నవల ఉండేది.

ఒక ఉదయం జనరల్ మేనేజర్ గారు పిలిచారు. గదిలో ప్రొడక్షన్ హెడ్, సెక్యూరిటీ ఆఫీసరు కూడా ఉన్నారు. సెక్యూరిటీ ఆఫీసరు సైన్యంలో సుబేదారుగా చేసి వచ్చినవారు, అందరూ ఆయన్ని సుబేదారు గారనే అంటారు. ఆయన టేబులు మీద ఫోను పెట్టి, ఇది వినండి మేడమ్ అన్నారు.

అది ఒక పాడ్‌కాస్ట్. పటాన్‌చెరులో ట్యూషన్లు చెప్పుకునే ఒకమ్మాయి వారం వారం పెట్టేది. పేరు 'బస్సుల ముచ్చట'. కంపెనీ బస్సుల్లో వచ్చిపోయేవాళ్లు చెవిలో వైరు పెట్టుకుని వింటారు, వాళ్లే వాయిస్ మెసేజీలు పంపుతారు. అడిగే ప్రశ్నలు మూడే. ఓటు దేన్ని చూసి వేస్తారు, ఈ వారం ఏం చూశారు, ఏం చదివారు. ఎవరూ సొంత పేరు చెప్పరు. జోగిపేట అత్త ఒకావిడ సీరియల్లో కోడలు పడుకునేటప్పుడు కూడా పట్టుచీర విప్పదేమని నిలదీసేది. ఇస్నాపూర్ చెల్లె అనే ఆమె వంటల పుస్తకం తప్ప ఇంకోటి ముట్టనని చెప్పి, ఓటు మాత్రం మా ఆయన చెప్పినవాడికి కాకుండా వేస్తానని నవ్వేది. ఒడిశా నుంచి వచ్చిన కుర్రాడొకడు సగం హిందీ సగం తెలుగులో సినిమా పాటల మీద తీర్పులిచ్చేవాడు.

సుబేదారు గారు మాకు వినిపించింది 'హత్నూర అన్న' మాటలు.

"సినిమాల హీరో అంతమందిని కొట్టినంక గూడ చొక్కా నలగది. షిఫ్టు దిగినంక మా చొక్కా సూడుండ్రి జెర! ఇగ ఓటు ముచ్చట. ఓటు అడగనొచ్చినోడు ఏం జెప్తుండో ఇనుడు కాదు, పోయినసారి గెల్సినంక మన దిక్కు ఎన్నిసార్లొచ్చిండో యాది జేస్కోండ్రి. ఈ వారం సదివిన నవలల దొంగ ఎవలో తెల్సా? ఇంటి పెద్దమనిషే. ఆఖరి దాంక ఎవ్వలకు అనుమానం రాలె."

జనరల్ మేనేజర్ గారి ముఖం ఎర్రబడింది. ఇంటి పెద్దమనిషి అంటే ఎవరంటారు, అని నన్నే అడిగారు. నవల గురించి సార్ అన్నాను. నవల పేరు చెప్పలేదే, అన్నారాయన. అప్పటికే ఆయన మనసులో అది నవల కాదు.

అయితే అసలు సంగతి మాటల్లో లేదు. మాటల వెనక ఉంది. హత్నూర అన్న మాట్లాడుతున్నంతసేపూ వెనక ఒక చప్పుడు. ముందు సన్నగా మొదలై, గిరగిరా వేగం అందుకుని, మధ్యలో దడదడమని కొట్టుకుని, చివర దీర్ఘంగా అణగిపోతుంది. మూడో బ్లాకు సెంట్రిఫ్యూజ్, అన్నారు ప్రొడక్షన్ హెడ్ వెంటనే. తడి మందుపొడిని ఒక పెద్ద చిల్లుల బుట్టలో పోసి వేగంగా తిప్పితే ద్రావకం బయటికి పోయి పొడి మిగులుతుంది. ఆ యంత్రమే సెంట్రిఫ్యూజ్. బుట్టలో పొడి సమంగా పడకపోతే కొట్టుకుంటుంది. నాకూ అచ్చంగా అలాగే వినిపించింది. ఆ గదిలో ఉన్న నలుగురిలో ఒక్కరికీ వేరే ఊహ రాలేదు.

ఇది చిన్న విషయం కాదు. బ్లాకుల్లో గాలిలో ద్రావకాల ఆవిరి ఉంటుంది. చిన్న నిప్పురవ్వ చాలు, మనుషులు పోతారు. అందుకే ఫోన్లు గేటు దగ్గరే అరల్లో పెట్టి లోపలికి రావాలి. బ్లాకులోకి ఫోను తీసుకెళ్తే ఉద్యోగం పోతుంది, అందులో దయాదాక్షిణ్యాలు లేవు. గొంతు కిష్టయ్యదని విన్నవాళ్లెవరైనా ఒప్పుకుంటారు. గేటు దగ్గర ఫోను పెడుతున్నాడు కాబట్టి వాడి దగ్గర రెండో ఫోను ఉందని సుబేదారు గారు తేల్చేశారు. ఆ మధ్యాహ్నమే కిష్టయ్యని సస్పెండ్ చేసి ఛార్జిషీటు ఇచ్చారు.

నాకు ఆ తొందర నచ్చలేదు. ఎన్నికల ముందు, పోటీలో ఉన్న మనిషి మీద, ఒక చప్పుడు పట్టుకుని కేసా? యాజమాన్యం అదను చూసి కొట్టిందని అనుమానించాను. కిష్టయ్య మీదా అనుమానం లేకపోలేదు. ఎన్నికల ఊపులో బ్లాకు బాత్రూములో నిలబడి మాట్లాడి ఉండొచ్చు, ఎవరు చెప్పగలరు? వాడిని గేటు బయట అడిగాను.

"గొంతు నాదే మేడమ్. దాసిపెట్టుడెందుకు? గని బ్లాకుల మాట్లాడలె. ఇంట్లనే మాట్లాడిన."

"ఇంట్లో సెంట్రిఫ్యూజ్ ఉందా కిష్టయ్యా?"

వాడు ముఖం గంటుపెట్టుకున్నాడు. "నమ్మనోళ్లకు ఏం జెప్పినా గంతే" అని తల తిప్పుకుని ఆటో ఎక్కాడు. తప్పు చేయనివాడు ఇంకో ముక్క చెబుతాడు కదా, అనిపించింది నాకు. ఏదో దాస్తున్నాడని రూఢి చేసుకున్నాను.

సంక్షేమాధికారి క్రమశిక్షణ కేసుల్లో యాజమాన్యం తరఫున నిలబడకూడదని నిబంధన. అయితే సస్పెండైన కార్మికుడి ఇంటికి వెళ్లి కుటుంబం పరిస్థితి చూసి రావడం మా ఫ్యాక్టరీలో ముందునుంచీ ఉన్న ఆనవాయితీ. ఆ ఆదివారం హత్నూర వెళ్లాను. కిష్టయ్య భార్య సువర్ణ గడపలోనే నిలబడింది, పక్కకి జరగలేదు.

"మీరు కంపెనీ దిక్కెల్లి వచ్చిన్రా, మా దిక్కెల్లి వచ్చిన్రా? ముందు గది చెప్పుండ్రి. తర్వాత చాయ్ పెడ్త."

నేను ఎవరి వైపూ కాదమ్మా, చూసిపోదామని వచ్చాను, అన్నాను. ఎవల దిక్కూ కానోళ్లతోనే భయమని గొణుక్కుంటూ లోపలికి రమ్మంది. టీ ఇచ్చింది. గ్లాసు సగం అయ్యేసరికి ఇంటి వెనక నుంచి ఆ చప్పుడు మొదలైంది. సన్నగా, వేగంగా, దడదడా. నేను లేచి నిలబడ్డాను. అయ్యో రామా, వీడు సెంట్రిఫ్యూజ్ గాని ఎత్తుకొచ్చాడా ఏమిటి అని ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాను!

వెనక వరండాలో కిష్టయ్య లుంగీ బనీనుతో ఒక పాత వాషింగ్ మెషీను మీద రెండు చేతులూ ఆనించి, ఒళ్లంతా బరువేసి నిలబడి ఉన్నాడు. మెషీనుకి ఒక కాలు విరిగింది, దాని కింద ఇటుక. డ్రయర్ తిరిగేటప్పుడు ఎవరైనా అదిమి పట్టుకోకపోతే అది వరండా చివరి దాకా నడిచిపోతుందట. ఫ్యాక్టరీ బట్టలకి మందు వాసన. సువర్ణ వాటిని ఇంటి బట్టలతో కలవనివ్వదు. కాబట్టి సెలవు రోజున వాడి బట్టలు వాడే ఉతుక్కోవాలి, మెషీన్ని వాడే పట్టుకోవాలి. కదలకుండా నిలబడాలి కనుక కిటికీలో ఫోను పెట్టుకుని వాయిస్ మెసేజీ చెప్పే సమయమూ అదే.

నాకు ఒళ్లు మండింది. "ఈ మాట గేటు దగ్గర చెబితే నీ నోటి ముత్యాలేమైనా రాలతాయా? ఉద్యోగం పోతోందయ్యా!"

"ఏమని జెప్పాలె మేడమ్? మీటింగుల మైకు పట్టుకునెటోడు ఇంట్ల మిషిన్ పట్టుకొని నిలబడ్తడని జెప్పాల్నా? ఇయ్యాల చెప్తే రేపు బస్సంత నవ్వుతది. నవ్వినోడు ఓటేస్తడా?"

"ఓట్లెక్కడివి? నౌకరే పోతున్నది!" అని సువర్ణ వంటింట్లోంచే అరిచింది. "నువ్వు సిగ్గు పడు. నేను పడ. విచారణ ఎప్పుడున్నదో చెప్పుండ్రి మేడమ్."

తేదీ చెప్పాను. అది రహస్యమేమీ కాదు. అయినా తిరిగి వస్తూ దారంతా, వాళ్లిద్దరూ నాకోసం కట్టిన నాటకం కాదు కదా అని ఆలోచిస్తూనే ఉన్నాను. నా బుద్ధి అంతే.

ఫ్యాక్టరీ తనంతట తాను జరిపే విచారణకి బయటి లాయరు విచారణాధికారిగా వస్తారు. సంగారెడ్డి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఆ ఉదయం గేటు దగ్గర గోల. సువర్ణ ట్రాలీ ఆటోలో వాషింగ్ మెషీను ఎక్కించుకుని వచ్చింది. ఇటుక కూడా మరిచిపోలేదు. లోపలికి వచ్చే ప్రతి యంత్రానికీ గేటు పాసు ఉండాలని, లోపల ఏం దాచి తెచ్చారో చూడాలని సుబేదారు గారు మూత తీయించి టార్చి వేసి చూశారు. అందులో కిష్టయ్య తడి ప్యాంట్లు తప్ప ఏమీ దొరకలేదు.

"సూడుండ్రి, మంచిగ సూడుండ్రి సారూ. రెండో ఫోను దొర్కితె నాకు ఇయ్యుండ్రి, నాకూ ఒకటి గావాలె" అంది సువర్ణ. కాపలావాళ్లు నవ్వు ఆపుకోలేక అటు తిరిగారు.

విచారణాధికారి తెలివైన మనిషి. ప్రొడక్షన్ హెడ్‌ని పక్కగదిలో కూర్చోబెట్టి తలుపు వేయించారు. ఆయనకి వాషింగ్ మెషీను వచ్చిన సంగతి తెలియదు. ఇక్కడ ప్లగ్గు పెట్టారు. కిష్టయ్య అందరి ముందూ చొక్కా చేతులు మడిచి, తల వంచుకుని, మెషీను మీద బరువేసి నిలబడ్డాడు. అది తిరిగింది, కొట్టుకుంది, అణగింది. ఏం విన్నారని విచారణాధికారి తలుపు ఇవతలి నుంచి అడిగారు.

మూడో బ్లాకు సెంట్రిఫ్యూజే సార్, లోడు సమంగా వేయలేదు వెధవలు, అని లోపలి నుంచి జవాబు వచ్చింది.

తలుపు తీశారు. ప్రొడక్షన్ హెడ్ మెషీను వైపు, ఇటుక వైపు, కిష్టయ్య వైపు చూసి కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. ఏళ్ల తరబడి అదే యంత్రం పక్కన బతికినవాళ్లకి ప్రపంచంలో తిరిగేదేదైనా అదే యంత్రంలా వినిపిస్తుంది. విచారణ గది కిటికీ బయట నిలబడి వింటున్న ఆపరేటర్లు కూడా మొదట సెంట్రిఫ్యూజే అనుకున్నారని తర్వాత తెలిసింది. ఆరోపణ రుజువు కాలేదని విచారణాధికారి రాశారు. మర్నాడు కిష్టయ్య డ్యూటీలో చేరాడు.

బస్సు నవ్వలేదు. వాడు భయపడింది జరగలేదు. జరిగింది ఇంకొకటి. ఓటింగుకి ముందు వారం 'బస్సుల ముచ్చట'లో ఊరు కూడా చెప్పని కొత్త గొంతు ఒకటి మాట్లాడింది. సినిమా గురించి లేదు, పుస్తకం గురించి లేదు.

"నేనేం అంటలేను. ఆఫీసు మేడమ్ అన్న ఇంటికి వోయింది. తలుపేసుకొని చాయ్ తాగింది. తెల్లారితే కేసు ఎగిరిపాయె. కంపెనీ గేట్ల వాషింగ్ మిషిన్ ఎన్నడన్న వచ్చిందా? గది రానిచ్చిన్రంటే ఎవల చెయ్యి ఉన్నట్టు? మీరే ఆలోచన జెయ్యిండ్రి."

తలుపు వేసుకోలేదు. మర్నాడే కేసు ఎగిరిపోలేదు. అయినా ఆ మాట బస్సు బస్సుకీ పాకింది. యాజమాన్యం కేసు పెట్టినప్పుడు కిష్టయ్య వెనక నిలబడ్డ జనమే, వదిలేసేసరికి ఎందుకు వదిలారు, కంపెనీతో ఏం లాలూచీ అని అడగడం మొదలుపెట్టారు. మూడో బ్లాకులోనే అడిగారు. రెండో యూనియన్ గెలిచింది. ఫలితం చదివాక కిష్టయ్య నా దగ్గరికి వచ్చి, "నౌకరి కాపాడిన్రు మేడమ్, మంచిది. జెర మా ఇంటికి మాత్రం ఇగ రాకుండ్రి" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఇంకా బాధేసింది. ఆ వెళ్లడం తప్పని నేను ఇప్పటికీ అనుకోను.

ఆ గొంతు ఎవరిదని జనరల్ మేనేజర్ గారు మళ్లీ నన్నే అడిగారు. దాని వెనక కుక్కర్ విజిల్ వినిపించింది. ఎవరి వంటింటిదో వెతకనని చెప్పాను. రిటైరయ్యాక కూడా పాడ్‌కాస్ట్ వింటున్నాను. హత్నూర అన్న ఇప్పటికీ నవలల గురించి చెబుతాడు, వెనక మెషీను కొట్టుకుంటూనే ఉంటుంది. ఓటు ప్రశ్న వచ్చేసరికి మాత్రం, ఈ వారం ఏం లేదు చెల్లే అని దాటేస్తాడు.

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు సలహా అడిగితే నేను చెప్పేది ఒకటే. సస్పెండైన మనిషి ఇంటికి తప్పకుండా వెళ్లండి. పోటీలో ఉన్న ప్రతి యూనియన్ నుంచీ ఒక మనిషిని వెంట తీసుకెళ్లండి. వీధిలోనే కూర్చోండి. టీ ఇస్తే అందరూ తాగండి, లేకపోతే ఎవరూ తాగొద్దు.