పిలవకుండా వదిలేసిన ఇల్లు

మా చిన్నప్పుడు... పటాన్‌చెరులో ఆదివారం చర్చి గంట కంటే ముందు మా నాన్న గొంతు వినపడేది. "ప్రసాదన్నా, టైమైతంది, రాండ్రి" అంటూ గల్లీలన్నీ తిరిగి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచేవాడు. ఆరు రోజులు ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద నిలబడే మనిషి, ఏడో రోజైనా కూర్చునేవాడు కాదు.

నాన్నకు మాటల పిచ్చి కూడా... పోస్టులో వచ్చే బైబిలు పాఠాలు చదివి, నా పాత లెక్కల నోటుబుక్కులో కొత్త మాటలు రాసుకునేవాడు. అందులో 'ఎక్లీజియాస్టికల్' అని ఒకటి. నాకు నోరు తిరగలేదు. "ఇదేంది నాన్నా?" అని అడిగాను.

"చర్చికి సంబంధించింది అని, బిడ్డా. గ్రీకుల ఎక్లేసియా అంటే పిలిస్తే వచ్చి కూడిన జనం. ఫ్రెంచోళ్లు, స్పెయినోళ్లు చర్చికి గా మాటనే పెట్టుకున్నరు. ఇంగ్లీషోళ్ల చర్చి, జర్మనోళ్ల కిర్షె వేరే... 'ప్రభువుది' అనే మాట నుంచి వచ్చినయ్." నోటుబుక్కు మూసి, "పిలిచేటోడు లేకుంటే మంది ఎట్ల కూడుతరు?" అన్నాడు.

ఒక ఆదివారం నాన్నకు జ్వరం వచ్చి, పిలిచే పని నాకు అప్పజెప్పాడు. అన్ని ఇళ్లూ తిరిగాను... ఊరి చివర ఒంటరిగా ఉండే మరియమ్మ అవ్వ ఇల్లు తప్ప. అవ్వకు చెవుడు, గంట వినపడదు. ఎండలో అంత దూరం నడవడానికి నాకు బద్ధకమేసింది. ఇంటికొచ్చి అందరినీ పిలిచానని చెప్పాను.

మధ్యాహ్నం ఎవరో వచ్చి "అవ్వ రాలేదేంది?" అంటే నాన్న నా మొహం చూశాడు. జ్వరంతోనే నన్ను వెంటబెట్టుకుని నడిచాడు. అవ్వ ఉతికిన తెల్ల చీర కట్టుకుని, చదవడం రాకపోయినా ఒళ్లో బైబిలు పెట్టుకుని, ఇంకా గడప మీదే కూర్చుని ఉంది.

"ఇయ్యాల ప్రార్థన లేదా అయ్యా? నన్ను వద్దనుకున్నరా?"

నాన్న ఆమె చెవి దగ్గర వంగి, "నేనే మర్సిపోయిన అవ్వా, తప్పు నాదే" అన్నాడు. దారి పొడుగునా నన్ను ఒక్క మాట అనలేదు... తిట్టినా బాగుండేది.

ఆ వారమే అవ్వను కూతురు జహీరాబాద్ తీసుకెళ్లింది. మళ్లీ రాలేదు. మా చర్చిలో ఆమె కూర్చోవాల్సిన ఆఖరి ఆదివారం నా వల్లే పోయింది. ఇన్నేళ్లయినా అది తలుచుకుంటే ఏడుపొస్తుంది.

నాన్న కూడా పోయాడు. నేనిప్పుడు కిష్టారెడ్డిపేటలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. ప్రార్థన టైము వాట్సాప్ గ్రూపులో వస్తుంది, అందరం దండం బొమ్మ పెడతాం. రానివాళ్లెవరో ఎవరికీ తెలియదు.

మిమ్మల్ని వాకిట్లో నిలబడి పేరు పెట్టి పిలిచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి... నేను మాత్రం ఆదివారం పొద్దున్నే తయారై, కాసేపు తలుపు దగ్గర ఊరికే కూర్చుంటాను.